సొంత తెప్పకు రూల్స్ లేవట!

ఎండలు ముదిరినప్పటి నుంచి హన్మకొండ, ములుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. దాని సారం ఇది: 'టికెట్ పెట్టి తిప్పే బోటోళ్లకే రూల్స్. సొంత తెప్ప వేసుకొని గోదారిలో పోతే ఎవరినీ అడగక్కర్లేదు. ఎండాకాలం నడుముల్లోతే ఉంటది. ఈతొచ్చినోళ్లకు లైఫ్ జాకెట్ దండగ. భయమున్నోళ్లు తెప్పకు తాడుతో నడుం కట్టుకోండి. నలుగురు దోస్తులు, రెండు లారీ ట్యూబులు ఉంటే కాళేశ్వరం నుంచి ఏటూరునాగారం దాకా రెండు రోజుల ట్రిప్.' కింద వరసగా చప్పట్ల బొమ్మలు. మా చెల్లె కొడుకు దీన్ని నాకు పంపి, 'మామా, నువ్వు కూడా రా' అన్నాడు. వాడికి ఫోన్లో చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

మొదటిది, సొంత ట్రిప్‌కు రూల్స్ ఉండవన్న మాట. ర్యాఫ్టింగ్‌కు, అంటే తెప్ప మీద నదిలో పోవడానికి, పేరున్న అమెరికా గ్రాండ్ కాన్యన్‌లో కొలరాడో నది మీద సొంతంగా పోవాలంటే ముందు లాటరీలో పర్మిట్ తగలాలి. మనిషికి ఏడాదికి ఒక్కసారే అవకాశం. జీతమిచ్చి గైడును పెట్టుకోకూడదు, ఖర్చు అందరూ పంచుకోవాలి. ప్రైవేటు ట్రిప్ అంటే అక్కడ అర్థం అదే. ఆ దోస్తుల గుంపు వెంట అదనపు జాకెట్, అదనపు తెడ్డు, గాలి పంపు, అతుకులేసే సామాను, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, దూరం నుంచి సైగ చేయడానికి అద్దం, మంట పెట్టుకోవడానికి ఇనుప పళ్లెం ఉండాలి. చివరికి మలం కూడా డబ్బాలో వెనక్కి మోసుకురావాలి. కంపెనీతో పోతే ఇవన్నీ కంపెనీ చూసుకుంటుంది. సొంతంగా పోతే ఆ కంపెనీ మనమే కదా!

ఇక మన దగ్గరికొస్తే, 1917 నాటి పాత చట్టం ఇంజన్ పడవల సంగతే చూసేది. 2021లో వచ్చిన ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ఇంజన్ లేని పడవలకూ ఒక అధ్యాయం కేటాయించి, వాటి నమోదు, భద్రత చూసే పని రాష్ట్రాలకు అప్పగించింది. ఇంజన్ బోటుకు చేసే సర్వే, అంటే సర్కారు తనిఖీ, రబ్బరు తెప్పకు ఉండదు, అంతవరకు మెసేజ్ రాసినాయన మాట ఒప్పుకుంటా. కానీ ఆయన చెప్పిన దారి చివర ఉన్నది ఏటూరునాగారం అభయారణ్యం. అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా అడుగుపెట్టి, రాత్రికి పొయ్యి వెలిగిస్తే కేసే. మంథని నుంచే మొదలుపెడదామనుకునే హుషారుగాళ్లకు ఇంకో మాట: ఆ పక్కనే ఉన్న శివారం అభయారణ్యం మొసళ్లకు పేరు.

నడుముల్లోతు సంగతి. కొన్నిచోట్ల మోకాళ్లలోతే, నేనూ నడిచాను. నాలుగడుగులు వేశాక ఇసుక తోడిన గుంత ఉంటుంది. పైన నీళ్లు నున్నగా, ఒక్కటే రంగులో కనిపిస్తాయి, కాలు పెట్టేదాకా తెలియదు. పైగా ఇక్కడి నీళ్లు ఇక్కడి వానవి కావు. వార్ధా, వైన్‌గంగా నీళ్లు మోసుకొచ్చే ప్రాణహిత కాళేశ్వరం దగ్గర కలుస్తుంది. ఇంకాస్త కిందికి పోతే ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి ఇంద్రావతి వస్తుంది. ఆ నదులు పారే మహారాష్ట్ర విదర్భలో కుండపోత పడితే ఇక్కడ మబ్బు కూడా ఉండకపోవచ్చు. దారిలోనే 85 గేట్ల మేడిగడ్డ బ్యారేజీ, దాని కింద తుపాకులగూడెం దగ్గర సమ్మక్క బ్యారేజీ ఉన్నాయి. పైన గేట్లు ఎత్తితే ఇసుక దిబ్బ మీద గుడారం వేసుకొని పడుకున్నవాడికి కబురు చేసేదెవరు? బ్యారేజీ కింద తిరగబడే నీళ్లలో పడితే ఎంత ఈతగాడైనా తిరిగి తిరిగి అక్కడికే వస్తాడు. కాబట్టి బ్యారేజీ కనిపించకముందే ఒడ్డుకు చేరి, తెప్పను భుజాన వేసుకొని నడవాల్సిందే.

అసలు చిక్కంతా జాకెట్ దగ్గరే. చెరువులో నేర్చిన ఈత నిలిచిన నీటి ఈత. ప్రవాహం వేగం రెండింతలైతే మన మీద పడే తోపు నాలుగింతలవుతుంది. బండకు తల తగిలితే ఈత మరిచిపోతాం. అందుకే ర్యాఫ్టింగ్‌లో జాకెట్‌తో పాటు హెల్మెట్ కూడా పెట్టుకుంటారు. జాకెట్లన్నీ కూడా ఒకటి కాదు. లోపలి చీటీ మీద న్యూటన్లలో ఒక అంకె ఉంటుంది, అది మనిషిని నీళ్లలో ఎంత బలంగా పైకి లేపుతుందో చెప్పే లెక్క. 50 అంటే ఈతొచ్చినవాడికి ఒడ్డు దగ్గర సాయం, అంతే. 100 అయితే ఈత రానివాడికి కూడా, అదీ నెమ్మదైన నీళ్లలో. 150 అంటే స్పృహ తప్పినవాణ్ని వెల్లకిలా తిప్పడానికి చేసింది.

పోయినేడు నేను ఆన్‌లైన్‌లో 600 రూపాయలకు ఒకటి తెప్పించాను. చీటీ లేదు, అంకె లేదు. మా ఊరి చెరువులో మత్తడి పక్కన వేసుకొని దూకాను. జాకెట్ పైకి, నేను కిందికి. మెడ దగ్గరి అంచు చెవుల దాకా వచ్చింది, గడ్డం నీళ్లలోనే ఉంది. తొడల మధ్య నుంచి బిగించే పట్టీ దానికి లేనే లేదు. ఒడ్డున వల చిక్కు తీస్తున్న కాకా చూసి, 'గది తేలుతాంది బిడ్డా, నువ్వే మునుగుతానవ్' అన్నాడు. ఇప్పుడు ఎవరి జాకెట్ అయినా పట్టీలన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకొని పైకి గుంజి చూస్తా. చెవుల దాకా వస్తే పక్కన పడేస్తా.

తాడుతో నడుం కట్టుకోమన్నది మెసేజ్ మొత్తంలో ప్రాణం తీసే మాట. తెప్ప తిరగబడి బండల మధ్య ఇరుక్కుంటే కట్టుకున్నవాడు దాని కిందే ఉంటాడు. తాడు కావాలి, కానీ సంచిలో. 15, 20 మీటర్ల తేలే తాడు సంచిలో వదులుగా నింపి, కొస చేతిలో పట్టుకొని, కొట్టుకుపోతున్నవాడి వైపు సంచిని విసురుతారు. తాడున్న చోట కత్తి కూడా ఉండాలి, చుట్టుకుంటే కోయడానికి. మెడలో ఒక ఈల, మూడుసార్లు ఊదితే ఆపద అని అందరికీ ముందే చెప్పాలి. నీళ్లలో పడితే వెల్లకిలా, కాళ్లు ప్రవాహం పోయే వైపు పెట్టి తేలాలి. లోతు తక్కువుందని లేచి నిలబడితే పాదం బండల సందులో ఇరుక్కుంటుంది, వెనక నుంచి నీళ్లు మనిషిని ముందుకు పడేస్తాయి.

లారీ ట్యూబుకు పట్టుకునే పిడి ఉండదు, ఒక్క ముల్లు గుచ్చుకుంటే మొత్తం గాలి పోతుంది. దాని గురించి ఇంతకన్నా రాయను.

మెసేజ్ కింద ఒకరు 2019 సెప్టెంబర్ 15న ఆంధ్రలో కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన టూరిస్టు బోటును గుర్తుచేశారు. అందులో మన కడిపికొండ వాళ్లున్నారు. దానికి వచ్చిన జవాబు: 'అది టికెట్ బోటు అన్నా, మనది సొంతం.' ఆ రోజు గోదావరి 5 లక్షల క్యూసెక్కుల వరదతో ఉంది. అంటే సెకనుకు 14 వేల టన్నుల నీళ్లు. అందుకే వానలు మొదలయ్యాక పోదామనే మాట కూడా వద్దు. రిషికేశ్‌లో ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్నవాళ్లు కూడా వానాకాలం ర్యాఫ్టింగ్ బంద్ పెడతారు.

'అయితే పోవద్దంటవా మామా?' అన్నాడు మావాడు. ఆదివారం జాకెట్ పట్టుకొని మా చెరువు మత్తడి దగ్గరికి రమ్మన్నా. తాడు సంచి నేను తెస్తా. పదిసార్లు విసిరితే ఎనిమిదిసార్లు మనిషికి అందేలా పడాలి, అప్పుడు గోదారి మాట మాట్లాడుకుందాం అన్నా.