కొత్తవాడ మగ్గం, క్వీన్స్ మ్యూజియం

మొన్న చెల్లెలి కొడుకును వెంటబెట్టుకుని మా ప్రాంతంలోని ఒక మ్యూజియానికి వెళ్లాను. పేరు చెప్పను. చెబితే పాపం కాపలాదారుకే మాట వస్తుంది. టికెట్లు చించి ఇచ్చాక ఆయన మాకన్నా ముందు నడుస్తూ గదిలో లైటు వేశాడు, మేము దాటగానే ఆర్పేశాడు. ఒక శిల్పం కింద చీటీ: "స్త్రీ మూర్తి. నల్లరాయి." అంతే.

"ఈమె ఎవరు మామయ్యా?" అన్నాడు పిల్లవాడు. నేను నీళ్లు నమిలాను. కాపలాదారే దగ్గరికి వచ్చి చెప్పాడు. ఆ బొమ్మ దొరికింది తన మేనత్త ఊళ్లోనట. చెరువు పూడిక తీస్తుంటే బయటపడిందట. బండి ఎక్కించే ముందు ఊరి ఆడవాళ్లు పసుపు కుంకుమ పెట్టి, ఆడపిల్లను అత్తవారింటికి పంపినట్టు పంపారట. ఇంత కథ చీటీ మీదికి ఎందుకు ఎక్కలేదు? చీటీ రాయించవలసిన అధికారి వచ్చి ఎనిమిది నెలలట, ఆయన ధ్యాసంతా వచ్చే బదిలీ మీదేనట.

ఇంటికి వచ్చినప్పటి నుంచి నా బుర్రలో టామ్ ఫింకెల్‌పెర్ల్ తిరుగుతున్నాడు. న్యూయార్క్ మనిషి. 2002 నుంచి 2014 దాకా అక్కడి క్వీన్స్ మ్యూజియానికి డైరెక్టర్. ఆ తర్వాత మేయర్ డి బ్లాసియో ఆయనను నగర సాంస్కృతిక వ్యవహారాల కమిషనర్‌ను చేశాడు. ఆ శాఖ ఆయనకు కొత్తేమీ కాదు. నగరం కట్టే భవనాల ఖర్చులో ఒక శాతం కళకు కేటాయించే పథకాన్ని 1990లలో అక్కడ కూర్చుని నడిపింది ఆయనే. ఫైలు తెలిసి మ్యూజియానికి వెళ్లాడు, మ్యూజియం తెలిసి మళ్లీ ఫైలు దగ్గరికి వచ్చాడు.

ఆ మ్యూజియంలో నగరం మొత్తాన్ని ఇల్లిల్లూ పేర్చి చూపే పెద్ద నమూనా ఉంది. 1964 ప్రపంచ ప్రదర్శనకు చేయించినది. దాన్ని చూపించి టికెట్లు అమ్ముకుంటూ హాయిగా కాలం వెళ్లదీయవచ్చు. ఆయన మాత్రం పక్కనే ఉన్న కరోనా అనే పేట వైపు చూశాడు (రోగం కాదు, పేట పేరే అది). వలస వచ్చిన కుటుంబాల పేట. ఆ వీధుల్లో తిరిగి, జనం అవసరాలు కనుక్కుని, వాళ్లతో కలిసి పనిచేయడానికి మ్యూజియం జీతమిచ్చి మనుషులను పెట్టుకుంది. కమిషనర్ అయ్యాక కూడా ఆ చూపు పోలేదు. 2015లో నగరం ఇచ్చిన గుర్తింపు కార్డు, వలస పత్రాలు లేనివాళ్లు కూడా తీసుకోగలిగిన కార్డు, చూపిస్తే పెద్ద పెద్ద మ్యూజియాల్లో ఏడాది సభ్యత్వం ఉచితం. పత్రాలు లేవని భయంభయంగా బతికే మనిషికి మ్యూజియం సభ్యుడనే హోదా!

అలాగని ఆయనకు హారతి పట్టడం లేదు. బానిస స్త్రీల మీద శస్త్రచికిత్స ప్రయోగాలు చేసిన సిమ్స్ అనే డాక్టరు విగ్రహాన్ని 2018లో సెంట్రల్ పార్కు అంచు నుంచి తీయించారు. దాని స్థానంలో ఏది పెట్టాలో తేల్చడానికి 2019లో కమిటీ కూర్చుంటే, మా పేట కోరిన శిల్పిని వదిలేస్తారా అని అక్కడి జనం నిలదీశారు. కమిటీ ఎంచుకున్న కళాకారిణి తానే తప్పుకుంది, పేట కోరిన ఆమెకే పని దక్కింది. పొరుగువారి మాట వినాలని జీవితమంతా చెప్పిన మనిషి శాఖలోనే పొరుగువారు అరవవలసి వచ్చింది! ఆ ఏడాది చివరికి ఆయన పదవి వదిలేశాడు. కానీ అరవడానికి ఒక సమావేశం, వినడానికి ఒక కుర్చీ అక్కడ ఉన్నాయి. నా అసూయంతా ఆ కుర్చీ మీదే.

మన దగ్గర ఏం తక్కువ? మా వరంగల్ కోటలోని తోరణం తెలంగాణ రాష్ట్ర చిహ్నానికి ఎక్కింది, దానికి సిమెంటు నకళ్లు ఊరి చుట్టూ నిలబడ్డాయి. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. 2014లో శంకుస్థాపన చేసిన కాళోజీ కళాక్షేత్రం తలుపులు పదేళ్లకు, 2024లో తెరుచుకున్నాయి. సంతోషమే. మరి ఇదే ఊళ్లోని నేతగాళ్ల పేట కొత్తవాడలో జంపఖానా నేసే మనిషిని పిలిచి, ఈ భవనంలో నీకేం కావాలని ఎవరైనా అడిగారా? ఆ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఇచ్చారు. సభలు జరిగినప్పుడు ఆయన నేసినది వేదిక మీద పరుస్తారు, ఆయన బయట నిలబడతాడు. సంస్కృతి బాధ్యత అప్పగించేటప్పుడు మనం చూసేది సీనియారిటీ. పదేళ్లు ఒక మ్యూజియం గుమ్మంలో నిలబడి, ఎవరు లోపలికి వస్తున్నారో, ఎవరు మెట్ల దగ్గరే ఆగిపోతున్నారో చూసిన మనిషిని ఒక్కసారి ఆ కుర్చీలో కూర్చోబెట్టి చూడండి.

ఆ రోజు వచ్చేముందు కాపలాదారు చెప్పిన కథను ఒక కాగితం మీద రాసి ఆయనకే ఇచ్చాను. రెండుసార్లు చదువుకున్నాడు. మేనత్త ఊరి పేరులో నేను చేసిన అక్షరదోషం దిద్దించాడు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుంటూ, "సారు వచ్చినప్పుడు చూపిస్తాను సార్" అన్నాడు. ఏ సారో నేను అడగలేదు.