కనెక్టెడ్ అంటుంది, ఫోల్డర్ కనపడదు

ఇంటినుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే వీపీఎన్ పచ్చగా వెలుగుతుంటుంది. "కనెక్టెడ్" అని రాసి మరీ చూపిస్తుంది. నెట్‌వర్క్ తెరిచి చూస్తే ఆఫీసు సర్వర్ లేదు, షేర్డ్ ఫోల్డర్ లేదు. నా ల్యాప్‌టాప్ ఒక్కటే బిక్కుబిక్కుమంటూ ఉంటుంది.

ఐటీ వాళ్లకి ఫోన్ చేస్తే ఒకటే మంత్రం: "రీస్టార్ట్ చేశారా సార్?" చేశానయ్యా! అసలు సంగతి వేరు. ఒకే లాన్‌లో, అంటే ఒకే చోటి లోకల్ నెట్‌వర్క్‌లో ఉన్న మెషీన్లు "నేనిక్కడున్నా" అని బ్రాడ్‌కాస్ట్ చేసుకుని ఒకదాన్నొకటి కనిపెడతాయి. ఆ కేక రూటర్ దాటి మా ఇంటిదాకా రాదు. 56కే మోడెమ్ కీచుమనే డయలప్ రోజుల్లోనూ ఇదే గోల. అప్పట్లో ఏ పేరు ఏ మెషీన్‌దో చెప్పే విన్స్ సర్వరో, ఎల్ఎమ్‌హోస్ట్స్ ఫైలో పెట్టుకుని గట్టెక్కేవారు. ఇప్పుడు పేరు చెబితే అడ్రస్ వెతికిచ్చే డీఎన్ఎస్ సరిగ్గా పెడితే చాలు, సర్వర్ పేరు కొట్టి లోపలికి వెళ్లొచ్చు. ఆ కాస్తా చెయ్యరు. పేరుకి బదులు అంకెల ఐపీ అడ్రస్ చీటీ మీద రాసుకుని మానిటర్‌కి అంటించుకోవాలట!

పోనీ, ఎలాగో ఫోల్డర్ తెరుచుకుందనే అనుకోండి. ఎక్సెల్ షీటు నింపి నింపి సేవ్ కొట్టేసరికి నెట్‌వర్క్ పాత్ దొరకలేదంటుంది. అదీ సరిగ్గా నెలాఖరులోనే. పైగా మేనేజరుగారి ఆరా: "ఇంట్లోనే కదా ఉన్నారు, ఇంతసేపా?"