ప్రొబేట్ వచ్చాక కూడా పని ఉంటుంది
ప్రొబేట్ (వీలునామా అసలైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) ఆరేడు నెలల్లో వచ్చేస్తుందని మీ వ్యాసంలో రాశారు. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే సరే. మా పెదనాన్నగారి చెన్నై ఇంటి వీలునామాకు నేనే ఎగ్జిక్యూటర్‌ని, అంటే అందులో రాసింది అమలు చేసే బాధ్యత నాదే. ఒక వారసుడు అడ్డం తిరగడంతో ప్రొబేట్ అర్జీ మామూలు సివిల్ దావాలా మారి 4 ఏళ్లు పట్టింది. వీలునామా మీద సంతకం చేసిన సాక్షులిద్దరిలో ఒకాయన అప్పటికే పోయారు. మిగిలిన మాస్టారికి 81 ఏళ్లు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, కాగితం దగ్గరగా పెట్టుకుని, "ఈ సంతకం నాదే, వీలునామా రాసినాయన కూడా నా ఎదుటే పెట్టారు" అనేదాకా నాకు ఒకటే టెన్షన్. వీలునామా రాసేవాళ్లు దయచేసి వయసులో చిన్నవాళ్లను సాక్షులుగా పెట్టుకోండి. వ్యాసంలో రాని సంగతి ఇంకొకటి ఉంది. ప్రొబేట్ ఇచ్చిన 6 నెలల్లోపు ఆస్తులు, అప్పుల జాబితా, ఏడాదిలోపు జమాఖర్చుల లెక్క ఎగ్జిక్యూటరే కోర్టుకు ఇవ్వాలి. 1925 నాటి భారత వారసత్వ చట్టం, 317వ సెక్షన్.