సవరణ: గులాబీ పురుగు లెక్కలో మా పొరపాటు

వరంగల్ పత్తి చేలలోని గులాబీ రంగు పురుగుపై రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. మొదటిది, ‘బీటీ విషానికి పురుగు క్రమంగా అలవాటు పడింది’ అన్నాం (బీటీ పత్తి అంటే పురుగును చంపే విషాన్ని తనలోనే తయారుచేసుకునే రకం). ఏ పురుగూ తన జీవితకాలంలో అలా మారదు. విషాన్ని తట్టుకునే జన్యువు రూపం ముందే కొన్నిటిలో అరుదుగా ఉంటుంది. మిగతావి చస్తే, మిగిలినవాటి సంతతి పెరుగుతుంది. మారేది పురుగు కాదు, గుంపులో ఆ రూపం వాటా.

రెండోది పెద్ద తప్పు. ఆ రూపం వాటా 0.01 అనుకుని, నూటికి ఒక పురుగు బతుకుతుందన్నాం. నిరోధకత అంతర్గత లక్షణమైతే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, ఆ రూపం రెండు ప్రతులూ ఉండాలి. యాదృచ్ఛికంగా జతకట్టే గుంపులో ప్రతుల కలయికను లెక్కించే హార్డీ-వైన్‌బర్గ్ సూత్రం ప్రకారం 0.01 × 0.01, అంటే 10,000కు ఒక్కటే. ఒకే ప్రతి ఉన్నవి 2 × 0.99 × 0.01, అంటే 10,000కు 198. నిరోధక ప్రతుల్లో 99 శాతం వీటిలోనే దాగి ఉంటాయి, ఇవి బీటీ కాయ తింటే చస్తాయి.

అందుకే ఒకప్పుడు 450 గ్రాముల బీటీ గింజలతో విడిగా ఇచ్చిన 120 గ్రాముల నాన్ బీటీ (విషం లేని పత్తి) ప్యాకెట్‌ను పారేయకుండా గట్ల వెంట విత్తమనేవారు. ఆ గట్టు సాళ్లలో బతికిన మామూలు రెక్కల పురుగులు, బీటీలో మిగిలినవాటితో కలిస్తే పిల్లలకు ఒక్క ప్రతే వస్తుంది. అయితే రెండూ ఒకేసారి పూతకు, కాతకు రావాలి. ఒకదాన్ని ఆలస్యంగా విత్తితే రెక్కల పురుగులు వేర్వేరు రోజుల్లో వెలువడి జతకట్టవు. చేనంతా బీటీయే అయితే నిరోధక పురుగులు తమలో తామే కలుస్తాయి, పిల్లలన్నీ బతుకుతాయి.