చెరువు హద్దులు తేలాకే లేఅవుట్లు

మామునూరు విమానాశ్రయం, రింగు రోడ్డు, 2041 మాస్టర్ ప్లాన్. వరంగల్ చుట్టూ పెద్ద పెద్ద కాలనీలు లేస్తాయని ఇప్పుడు ఎక్కడ నలుగురు కూడినా అదే మాట. నగరం పెరగాల్సిందే. అయితే ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుస తప్పితే ఎంత గొప్ప ప్లానైనా చివరికి జనం నెత్తిన పడుతుంది.

నవీ ముంబైనే చూడండి. 1970లో సిడ్కో అనే ప్రభుత్వ నగరాభివృద్ధి సంస్థను పెట్టి, 95 గ్రామాల భూముల మీద కొత్త నగరం గీశారు. ముంబై నుంచి ఆ కొత్త నగరంలోని వాశికి లోకల్ రైలు వచ్చింది మాత్రం 1992లో. ఇరవై ఏళ్లకు పైగా అక్కడికెళ్లిన కుటుంబాలు బస్సులనే నమ్ముకుని బతికాయి. భూములిచ్చిన వాళ్ల కథ ఇంకా ఘోరం. 1984 జనవరిలో న్యాయమైన పరిహారం అడిగిన రైతులపై జాసై దగ్గర పోలీసులు కాల్పులు జరిపితే ఐదుగురు చనిపోయారు. తీసుకున్న భూమిలో 12.5 శాతాన్ని అభివృద్ధి చేసిన ప్లాట్లుగా తిరిగిచ్చే పథకం ఆ తర్వాతే వచ్చింది. ఆ వాటా మొదటి రోజే రాసివ్వడానికి ఏమి అడ్డొచ్చింది?

మన దగ్గర 2022లో 27 గ్రామాల్లో 21 వేల ఎకరాలకు పైగా ల్యాండ్ పూలింగ్ చేస్తామని, అంటే రైతుల భూములు తీసుకుని అభివృద్ధి చేసి కొంత వాటా ప్లాట్లుగా తిరిగిస్తామని, కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) నోటిఫికేషన్ ఇస్తే రైతులు రోడ్డెక్కారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అభివృద్ధికి అడ్డుపడ్డారని వాళ్లను నిందించడం అన్యాయం. మా వాటా ఎంత, ఎప్పుడిస్తారు అని వాళ్లు అడగాల్సిందే అడిగారు.

ఇళ్లు కడితే ఊరైపోదని హైదరాబాద్ శివారులోని కొల్లూరు చెబుతోంది. 2023లో అక్కడ 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ప్రారంభించారు. ఇళ్లు గట్టివే. కానీ హైదరాబాద్ బస్తీల్లో కూలీకో, ఇళ్లలో పనికో పోయేవాళ్లకు పని ఒక మూల, ఇల్లు ఇంకో మూల అయింది. పని ఉన్నా అది ఒక్క కంపెనీదే అయితే ఏమవుతుందో రామగుండంలో చూశాం. 1999లో ఎరువుల ఫ్యాక్టరీ మూతపడితే దాన్నే నమ్ముకున్న కాలనీ వెలవెలబోయింది. అక్కడ మళ్లీ యూరియా ఉత్పత్తి మొదలైంది 2021లో.

ప్రభుత్వం ఆగితే ప్రైవేటు వెంచర్లు ఆగవు కదా, ఈలోగా ధరలు పేదవాడికి అందకుండా పోతాయి కదా అంటారు. నిజమే. కానీ వరుస మార్చమంటే ఆపమని కాదు. బస్సు, డ్రైనేజీ, బడి ఇంటి తాళంతో పాటే రావాలి.

వీటన్నిటికన్నా ముందు నీళ్ల లెక్క తేలాలి. కాకతీయులు ఈ నేలను అర్థం చేసుకున్న తీరు మన ఇంజినీర్లు మళ్లీ చదవాలి. పాకాల, రామప్ప, లక్నవరం మాత్రమే కాదు, ఊరూరా చెరువు కట్టించారు. పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువును నింపుతాయి. చెరువు, గుడి, ఊరు కలిసి పుట్టాయి. మనం ఆ గొలుసు తెంపి, చెరువు నీళ్లు నిలిచే శిఖం భూముల్లో ప్లాట్లు గీశాం, నాలాలను సందుల్లా కుదించాం. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో హన్మకొండ, వరంగల్ కాలనీలు మునిగిపోయి జనాన్ని పడవల్లో బయటికి తెచ్చారు. నయీంనగర్ నాలా పక్కన కాపురమున్న వాళ్లను అడగండి, వాన పడితే రాత్రంతా టెన్షనే. కొంప మునిగాక నష్టపరిహారం ఫారాలు పంచడం కన్నా, పునాది తీయకముందే నీటి దారి వదలడం చాలా చవక.

అందుకే కొత్త కాలనీల్లో మొదటి లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేలోపు కుడా మూడు పనులు చేయాలి. ప్రతి చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు, అంటే ఎఫ్‌టీఎల్ దగ్గర, ప్రతి నాలా అంచున హద్దురాళ్లు పాతాలి. నీళ్ల కింద పోయే సర్వే నంబర్ల జాబితా గ్రామ పంచాయతీ గోడ మీద అంటించాలి. ఆ జాబితాలో ఉన్న నంబర్లకు రిజిస్ట్రేషన్ ఆపేయాలి. వచ్చే వానాకాలం లోపే ఇవి పూర్తి కావాలి.