గ్రీకు ‘నెరో’కి మన ‘నీరు’ చుట్టం కాదు

వాట్సాప్‌లో తరచూ తిరిగే సందేశం ఒకటుంది. గ్రీకులో నీళ్లను ‘నెరో’ అంటారట, కొరియాలో పిల్లలు ‘అమ్మ’, ‘అప్ప’ అనే పిలుస్తారట, ఇలాంటి మాటలు ప్రపంచమంతా వందల్లో ఉన్నాయి కాబట్టి ఆ భాషలన్నీ తెలుగులోంచే పుట్టాయట. భాష మీద ప్రేమతోనే చాలామంది దీన్ని ఫార్వర్డ్ చేస్తారు. ఆ ప్రేమ నాకూ ఉంది. అందుకే ఇందులోని వాదనలకు ఒక్కొక్కటిగా జవాబు చెప్పాలనిపించింది.

ముందు ‘నెరో’ సంగతి. ఇది ఇప్పటి గ్రీకు మాట. ప్రాచీన గ్రీకులో నీటికి అసలు పేరు ‘హ్యుదోర్’. హైడ్రోజన్, హైడ్రాలిక్ లాంటి మాటలు దాన్నుంచి వచ్చినవే. అప్పుడే తెచ్చిన నీళ్లయితే ‘నెయరోన్ హ్యుదోర్’, అంటే తాజా నీరు. పోనుపోను ‘హ్యుదోర్’ రాలిపోయింది. ‘తాజా’ అన్న విశేషణమే అరిగి అరిగి ‘నెరో’గా మారి, నీటికి పేరై కూర్చుంది. మన నీరు వేరే దారిలో వచ్చింది. తమిళ ‘నీర్’, కన్నడ ‘నీరు’ దాని తోబుట్టువులు. చుట్టరికమే ఉంటే కాలంలో వెనక్కి వెళ్లేకొద్దీ రెండు మాటలూ దగ్గరవ్వాలి. ఇక్కడ వెనక్కి వెళ్తే గ్రీకు మాట మనకు దూరమైపోతోంది.

అమ్మ, అప్పల విషయానికి పెద్ద చర్చ అక్కర్లేదు. పసిపిల్లలకు ముందుగా పలికేవి పెదాలు కలిపి విడిస్తే వచ్చే మ, ప, బ లాంటి శబ్దాలే. వాటిని తల్లిదండ్రులు తమ పిలుపుగా తీసుకుంటారు. భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్ 1960లోనే దీని మీద ఒక వ్యాసం ప్రచురించారు. జార్జియన్ భాషలో ‘మామా’ అంటే నాన్న, ‘దెదా’ అంటే అమ్మ. శబ్దాలు అవే, ఎవరికి ఏది అంటించాలన్నది మాత్రం ఆ భాష ఇష్టం.

‘స్పెల్లింగ్ కూడా ఒకటే కదా’ అన్నది మరో వాదన. ఎవరి స్పెల్లింగ్? ఇంగ్లీషు అక్షరాల్లో కె, ఎ, ఎల్, ఎ అని రాస్తే మనకది కల కావచ్చు, కళ కావచ్చు. హిందీలో ‘కాలా’ అయి నలుపవుతుంది. ఫిన్లాండ్ వాళ్లకు అదే చేప! ఆ చేపకు అసలు చుట్టం హంగేరియన్‌లో చేపను చెప్పే ‘హల్’. ల, ళ తేడా, హ్రస్వదీర్ఘాల తేడా చెరిపేసే లిపిలో జాబితా తయారుచేస్తే పోలికలు దొరక్కుండా ఎలా ఉంటాయి?

‘శబ్దం, అర్థం రెండూ కలిస్తే అది కాకతాళీయం ఎలా అవుతుంది?’ అని గట్టిగా అడిగేవాళ్లున్నారు. అవుతుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఎంబబరం అనే ఆదివాసీ భాష ఉండేది. అందులో కుక్కను ‘డాగ్’ అనేవారు. ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న మాట కాదు. పొరుగు భాష యిదిన్‌లో కుక్కను ‘గుడగ’ అంటారు. అలాంటి పాత రూపానికే ఎంబబరంలో మొదటి హల్లు ఊడిపోయి, అచ్చులు మారి ‘డాగ్’ మిగిలిందని ఆ భాషను నమోదు చేసిన ఆర్.ఎం.డబ్ల్యు. డిక్సన్ చూపించారు. పారశీకంలో ‘బద్’ అంటే చెడ్డ, ఇంగ్లీషు ‘బ్యాడ్’కీ అదే అర్థం. కానీ పారశీక మాట పాత రూపం ‘వద్’. ఈ రెండూ దూరపు బంధువులైన భాషలే, అయినా ఈ మాటలకు మాత్రం సంబంధం లేదు. ప్రతి భాషలోనూ వేల మాటలుంటాయి, నోటికి పలికే శబ్దాలు కొన్నే. కొన్ని మాటలు ఢీకొనక తప్పదు.

మరి అసలైన చుట్టరికం ఎలా తెలుస్తుంది? కన్నడం వైపు చూడండి. మన పాలు వాళ్లకు హాలు, పులి హులి, పాము హావు, పన్ను హల్లు, పువ్వు హూవు. ఒకటీ రెండూ కాదు, వరసగా మన ‘ప’ ఉన్నచోట వాళ్లకు ‘హ’. పాత కన్నడంలో ఇవి ‘పాల్’, ‘పులి’ అనే ఉండేవి. మార్పు ఇలా పద్ధతిగా నడిస్తేనే రుజువు. ఇక పైకి కనిపించే పోలిక ఎంత మోసం చేస్తుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. తెలుగులో ‘హాలు’ అంటే ఇంగ్లీషు నుంచి వచ్చిన గది, కన్నడంలో పాలు. తెలుగు ‘హల్లు’ సంస్కృత వ్యాకరణం నుంచి వచ్చింది, కన్నడ ‘హల్లు’ నోట్లో పన్ను. రాత ఒకటే, పుట్టుక వేరు. అదే పాలు, హాలు రాతలో కలవవు, పుట్టుకలో ఒకటి.

చివరిగా, ‘పండితులు తెలుగు గొప్పతనాన్ని దాచేశారు’ అన్న ఆరోపణ. తెలుగు సంస్కృతంలోంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో ఒకే కుటుంబమని మద్రాసులో ఈస్టిండియా కంపెనీ అధికారిగా ఉన్న ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ 1816లోనే రాశారు. ఆ రుజువు అచ్చయింది ఒక తెలుగు వ్యాకరణ గ్రంథంలో, ఏ.డి. క్యాంప్‌బెల్ పుస్తకం పీఠికతో పాటు. ఎల్లిస్ అందులో చేసింది మూడు భాషల ధాతువులను పక్కపక్కన పేర్చి చూపించడం.