పిల్లల ప్రాజెక్టుల్లో పిల్లల జోక్యం తగదు

గత నెలలో మా ఇంటి నుంచి బయల్దేరిన ఎల్‌వీఎం-3 రాకెట్ వైఫల్యం మీద మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో రకరకాల పుకార్లు తిరుగుతున్నాయి. ప్రాజెక్టు డైరెక్టరుగా, డిజైన్ విభాగం అధిపతిగా, ఫెవికాల్ విభాగంలో ఏకైక ఉద్యోగిగా, అన్నిటికీ మించి బిల్లు కట్టినవాడిగా నిజానిజాలు ప్రజల ముందు పెట్టడం నా బాధ్యత. విచారణ పూర్తయింది. విచారణ సంఘంలో నేనొక్కణ్ణే సభ్యుణ్ణి కాబట్టి ఏకాభిప్రాయం తొందరగానే కుదిరింది. లోపం లేజర్‌లో లేదు, అట్టలో లేదు, నాలో అసలే లేదు. పిల్లల ప్రాజెక్టులో ఒక పిల్ల తలదూర్చడమే కారణం.

ఆ పిల్ల మా అమ్మాయే. ఆరో తరగతి.

సైన్స్ ఫెయిర్ గురించి స్కూలు నుంచి వచ్చిన చీటీలో 'విద్యార్థి స్వయంగా తయారు చేయవలెను' అని రాసి ఉన్న మాట నిజమే. శుభలేఖ అడుగున 'కానుకలు స్వీకరించబడవు' అని కూడా రాస్తారు. అది నమ్మి చేతులూపుకుంటూ పెళ్లికి వెళ్లేవాళ్లు ఎవరైనా ఉన్నారా? అదే చీటీలో థర్మోకోల్ వాడకూడదు, అట్టతోనే చేయాలి అని ఇంకో నిబంధన ఉంది. దాన్ని మాత్రం తు.చ. తప్పకుండా పాటించాం.

మా కాలంలో ఈ పనికి అగరుబత్తి గొట్టం, సగం విరిగిన బ్లేడు, అన్నం మెతుకులు ఉండేవి. నేను ఏడో తరగతిలో చేసిన రాకెట్ గోదావరి గట్టు మీది కొబ్బరిచెట్టులా ఓ పక్కకు వంగి ఉండేది. మా మాస్టారు దాన్ని గోడకు ఆనించి పదికి ఆరు వేశారు. ఆ పోయిన నాలుగు మార్కులు ముప్పై ఏళ్లుగా నా గుండెలో ముల్లులా ఉండిపోయాయి. ఈలోగా అట్ట కోసే లేజర్ మిషన్ వచ్చింది. చెయ్యి వణకదు, బ్లేడు జారదు, గీత పక్కకు పోదు. నా నాలుగు మార్కులు నాకు తిరిగి రాబోతున్నాయని అర్థమైంది.

పని పద్ధతిగానే మొదలుపెట్టాను. 2023 జులై 14న మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3ని మోసుకెళ్లిన ఎల్‌వీఎం-3ని ఎంచుకున్నాను. అసలుది 43.5 మీటర్ల పొడవు. నూరో వంతు అంటే 43.5 సెంటీమీటర్లు. మధ్య భాగం నాలుగు మీటర్ల అడ్డకొలత, మాకు నాలుగు సెంటీమీటర్లు. పక్కనున్న రెండు బూస్టర్లు 3.2, పైన టోపీ 5. భగవంతుడు మెట్రిక్ విధానాన్ని నాలాంటి తండ్రుల కోసమే కనిపెట్టాడనిపించింది. బరువు దగ్గరే కాస్త తేడా వచ్చింది. పొడవు నూరో వంతు అయితే బరువు పది లక్షలో వంతు కావాలి. అంటే 640 టన్నుల రాకెట్ మా ఇంట్లో 640 గ్రాములు తూగాలి. వంటింటి కాటా మీద 410 వచ్చింది. ఫెవికాల్ ఆరకముందే తూచి ఉంటే లెక్క సరిపోయేదేమో.

మూడు రాత్రులు కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మ గీశాను. అమ్మాయి రెండుసార్లు వచ్చి "నాన్నా, నేను కూడా గీయనా?" అంది. "ఇది ప్రాజెక్టమ్మా, ఆట కాదు" అని నచ్చజెప్పి పంపాను.

హైదరాబాద్ ఛత్తా బజార్‌లో శుభలేఖల దుకాణాల మధ్య మెట్ల కింద ఒక లేజర్ మిషన్ ఉంది. వినాయకుళ్లు, నెమళ్లు, 'వెడ్స్' అన్న అక్షరాలు పగలూ రాత్రీ కోస్తూ ఉంటుంది. గోడ మీద 'పీవీసీ కట్ చేయబడదు' అని బోర్డు. పీవీసీని లేజర్‌తో కాలిస్తే క్లోరిన్ విషవాయువులు వస్తాయట; మనిషి ఊపిరితిత్తులకీ, మిషన్‌కీ కూడా చేటు. ఏ చేటుకు భయపడి ఆ బోర్డు పెట్టారో నేను అడగలేదు. అక్కడి కుర్రాడు నా పెన్‌డ్రైవ్ పెట్టి, ఫైల్ తెరిచి, కాసేపు స్క్రీన్ వైపు, కాసేపు నా వైపు చూశాడు.

"సార్, ఇది పదకొండు మీటర్లున్నది. మా బెడ్డు మూడడుగులే."

జరిగిందేమిటంటే, నేను మిల్లీమీటర్లలో గీసిన 435ని వాడి కంప్యూటర్ 435 అంగుళాలుగా చదివింది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. 1999లో నాసా వాళ్లు ఇలాగే కొలమానాల గందరగోళంలో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌ను పోగొట్టుకున్నారు. ఒక బృందం పౌండ్లలో లెక్క ఇస్తే ఇంకో బృందం న్యూటన్లలో అనుకుంది, వ్యోమనౌక అంగారకుడి వాతావరణంలో కలిసిపోయింది. కోట్ల డాలర్ల పొరపాటు అది. నాది పది నిమిషాల్లో సర్దుకుంది. ఈ విషయంలో మా ఇల్లు నాసా కన్నా మెరుగని నేను అనను. మీరు అనుకుంటే కాదనను.

లేజర్ కోత చూసి తీరాల్సిన దృశ్యం. గాజు గొట్టంలోని కార్బన్ డయాక్సైడ్ వాయువులో పుట్టిన కిరణం అద్దాల మీద మలుపులు తిరిగి, చిన్న కటకం గుండా అట్ట మీదికి దిగుతుంది. అసలు కిరణం కంటికి కనపడదు. కనిపించేది అట్ట కాలే చుక్క ఒక్కటే. ఆ చుక్క చీమలా బయల్దేరి గుండ్రంగా తిరిగి మొదలైన చోటికే వచ్చి ఆగుతుంది, అంతే, చక్రం టక్కున కింద పడుతుంది. ఆ దుకాణం భాషలో ఎర్ర గీత అంటే కోత, నల్ల గీత అంటే చెక్కుడు. కుర్రాడు ఒక చేత్తో ఫోన్ మాట్లాడుతూ, ఇంకో చేతిలో నీళ్ల స్ప్రే సీసా పట్టుకుని ఉన్నాడు. అట్ట ఎక్కడైనా అంటుకుంటే ఫుస్సుమని కొట్టడానికి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎంత తిరిగినా వీధంతా భోగి మంట వాసన. మా అమ్మాయి ఇవన్నీ చూస్తానంది కానీ ఆ రోజు దానికి ట్యూషన్ ఉంది. చదువు ముఖ్యం కదా.

ఇంకో సంగతి, లేజర్ కూడా మనలో ఒకటే. గీసిన ప్రతి గీతలోనూ తన వాటా తాను తీసుకుంటుంది. ఇంచుమించు 0.2 మిల్లీమీటర్లు. ఆ ముక్క బూడిదై పోతుంది. ఫైల్ కదిలిన ప్రతిచోటా ఇంత చెల్లించాల్సిన దేశంలో పుట్టి కూడా ఆ వాటా ముందే లెక్కలో వేసుకోకపోవడం నా తప్పే. గాడిలో బిగుతుగా కూర్చోవాల్సిన రెక్కలు ఊగుడు పళ్లలా తయారయ్యాయి.

ఆ రాత్రి మా భోజనాల బల్ల రాకెట్ భాగాలు కూర్చే వాహన నిర్మాణ భవనం అయింది. కోసిన అంచులన్నీ నల్లగా మాడి ఉంటాయి కాబట్టి పావుగంటలో నా వేళ్లు, ముక్కు, బనీను కాటుకమయం. రెండు మిల్లీమీటర్ల అట్ట వంగడానికి నిలువునా గాట్లు పెట్టించాను. నాలుగు సెంటీమీటర్ల చక్రాల చుట్టూ దాన్ని చుట్టాలి. చుట్టుకొలత ఎంతో బడి పాఠాల్లోనే ఉంది. నాలుగును 3.14తో హెచ్చవేస్తే 12.56. అంతే పొడవు కోయించాను. చుట్టాను. అంచులు కలవలేదు. మధ్యలో ఆరు మిల్లీమీటర్ల సందు, చొక్కా బొత్తాం ఊడిన పొట్టలా. గట్టిగా లాగితే ఇటు కలిసి అటు చిరిగింది. రాత్రి పదకొండున్నరకు మా ఆవిడ మంచినీళ్లకు లేచి వచ్చి ఒక్క చూపు చూసి, "అట్టకి మందం ఉంటుంది కదండీ" అని ఫ్రిజ్ తలుపు వేసి వెళ్లిపోయింది. నిజమే. చక్రం మీదికి అట్ట ఎక్కాక అడ్డకొలత నాలుగు కాదు, అట్ట నడిమిదాకా లెక్కేస్తే 4.2 అవుతుంది. విచారణ నివేదికలో ఈ అంశాన్ని 'బయటి నుంచి అందిన సమాచారం' అని నమోదు చేశాం. ఆ సందు మీద జాతీయ జెండా అంటించాం.

తలపైన టోపీకి చిన్న చక్రం మీద చిన్న చక్రం పేర్చి, నున్నగా అరగదీయాలన్నది పథకం. ప్రతి చక్రం మీద లేజర్‌తో అంకె చెక్కించాను. 16 తర్వాత 18 వచ్చింది. ఇల్లంతా వెతికితే 17వ నంబరు మా అమ్మ కాఫీ గ్లాసు కింద దొరికింది. "చక్కగా ఉందిరా, ఇంకో నాలుగు చేయించకూడదూ" అంది. ఫెవికాల్ తడికి పలుచటి ముక్కలు అప్పడాల్లా లేచాయి. బట్టల క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు, మీదినుంచి బరువుకి రోకలి, అది చాలక శబ్దరత్నాకరం. ఆ నిఘంటువు మా ఇంట్లో పనికొచ్చింది చాలా ఏళ్ల తర్వాత.

అడుగున మూడు ఎర్ర లైట్లు పెట్టి ఒకే స్విచ్ ఇచ్చాను. నొక్కగానే మూడూ ఒకేసారి వెలుగుతాయి. ఈ దశలో అమ్మాయి ఏదో అభ్యంతరం చెప్పింది. అప్పుడు రాత్రి ఒంటిగంట. అభ్యంతరాలు స్వీకరించే గడువు ముగిసింది.

పొద్దున్నే అమ్మ రాకెట్‌కు పసుపు రాసి బొట్టు పెట్టింది. తెల్లటి టోపీ మీద ఎర్రగా రూపాయి బిళ్లంత. నేను ఏమీ అనలేదు. ప్రయోగానికి ముందు ఇస్రో వాళ్లే రాకెట్ నమూనాను తిరుమలకు తీసుకెళ్లి వెంకన్న పాదాల దగ్గర పెట్టి వస్తారు, సూళ్లూరుపేట చెంగాళమ్మకు మొక్కుతారు. మాకు తిరుమల దూరం కాబట్టి ఫ్రిజ్ మీది స్వామి పటం ముందే కానిచ్చాం. 1981లో ఆపిల్ ఉపగ్రహాన్ని పరీక్ష కోసం ఎడ్లబండి మీద పెట్టిన ఫొటో అందరూ చూసిందే. మేం ఆటో మాట్లాడుకున్నాం. చక్రం కింద నిమ్మకాయ పెట్టడానికి ఆటో అతను ఒప్పుకున్నాడు, మీటర్ వేయడానికి మాత్రం ఒప్పుకోలేదు.

ప్రదర్శన హాల్లో ఎటు చూసినా తండ్రులే. ఎర్రబడ్డ కళ్లు, గోళ్లలో జిగురు. పిల్లలు ఇస్త్రీ యూనిఫాంలో, ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టు తమ తమ ప్రాజెక్టుల పక్కన నిలబడ్డారు. జడ్జిగా వచ్చిన ఫిజిక్స్ మేడమ్ మా బల్ల దగ్గర ఆగి, మెచ్చుకోలుగా తలూపి, స్విచ్ నొక్కారు. మూడు లైట్లూ దేదీప్యమానంగా వెలిగాయి. నా నాలుగు మార్కులు నా వైపు నడిచి వస్తున్న చప్పుడు వినిపించింది.

"చాలా బాగుంది. దీని గురించి చెప్పు పాపా" అన్నారు మేడమ్.

"లైట్లు తప్పు మేడమ్" అంది మా అమ్మాయి. "లేచేటప్పుడు పక్కనున్న రెండు బూస్టర్లే మండుతాయి. మధ్యది ఇంచుమించు 110 సెకన్ల తర్వాత అంటుకుంటుంది. అప్పటికి రాకెట్ చాలా పైకి వెళ్లిపోతుంది. నాన్నకి చెప్పాను, వినలేదు."

"ఇది నువ్వే చేశావా?"

"కాదు మేడమ్. కోసింది ఛత్తా బజార్ అన్న, అతికించింది నాన్న. నన్ను ముట్టుకోనివ్వలేదు."

హాల్లోని తండ్రులందరూ ఒక్కసారిగా తమ బూట్ల వైపు చూసుకున్నారు.

మొదటి బహుమతి ఏడో తరగతి అబ్బాయి తండ్రికి వచ్చింది. త్రీడీ ప్రింటర్‌లో తీసిన విక్రమ్ ల్యాండర్. ఆ అబ్బాయి ఎన్ని ప్రశ్నలు అడిగినా నోరు విప్పలేదు. పెంపకమంటే అదీ.

1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడిపోయినప్పుడు ఇస్రో అధిపతి సతీశ్ ధవన్ విలేకరుల ముందు బాధ్యత తన మీద వేసుకున్నారని, మరుసటి ఏడాది జులై 18న అదే రాకెట్ గెలిచినప్పుడు మాట్లాడమని తనను ముందుకు పంపారని ఆ ప్రాజెక్టుకు డైరెక్టరుగా ఉన్న కలాం చెప్పేవారు. ఈ సంప్రదాయాన్ని మా సంస్థలోనూ పాటించవచ్చా అని విచారణ సంఘం లోతుగా పరిశీలించింది. ధవన్ గారు ఫెవికాల్ చేతులతో రాత్రంతా మేల్కొని ఉన్నట్టు ఎక్కడా ఆధారం దొరకనందున ఆ ఉదాహరణ మాకు వర్తించదని తేల్చింది.

కాబట్టి విద్యాశాఖకు నా విన్నపం ఇది. సైన్స్ ఫెయిర్‌లో పోటీదారుల కనీస వయసు ముప్పై అయిదుగా నిర్ణయించాలి. పిల్లల్ని ప్రేక్షకులుగా రానివ్వవచ్చు, అయితే బల్లకు ఆరడుగుల దూరంలో తాడు కట్టాలి. ప్రశ్నలు అడగదల్చుకున్న జడ్జీలు తల్లిదండ్రులనే అడగాలి. మా దగ్గర ఎక్సెల్ షీట్ ఉంది. బహుమతి ప్రదానానికి లేజర్ కుర్రాణ్ణి వేదిక మీదికి పిలిచి శాలువా కప్పాలి, ఆ రోజు వాడికి శుభలేఖల పని లేకపోతే. పాఠం అర్థమైన పిల్లలు ప్రదర్శన రోజున సెలవు చీటీ పెట్టుకునే వెసులుబాటు కూడా ఉండాలి. అందరికీ టెన్షన్ తగ్గుతుంది.

ఇక మిగిలింది ఒకే ఒక్క విషయం. ముక్కలన్నీ ఊడి వచ్చాక కోత అట్ట మిగులుతుంది కదా, కిటికీ జాలీలా ఒళ్లంతా చిల్లులతో. పాత పేపర్లతో పాటు తూకానికి వేద్దామని దాన్ని తలుపు వెనక పెట్టాను. అమ్మాయి ఎప్పుడు తీసుకుందో తెలియదు. రెండు ముక్కలుగా విరిచి, నిలబెట్టి, దారంతో కట్టి, దాన్ని ప్రయోగ వేదిక పక్కనుండే టవర్ అంటోంది. రాత్రి కరెంటు పోతే దాని వెనక నా ఫోన్ టార్చి పెట్టింది. గోడ నిండా చక్రాలు, రెక్కలు, బూస్టర్లు, నేను కోయించినవే, ఒక్కోటి మనిషంత. మా అమ్మ మంచం మీంచి లేచి కూర్చుంది. టార్చి మెల్లగా కిందికి దించుతూ అది "పది, తొమ్మిది, ఎనిమిది" అంటోంది.

ఆ అట్ట సంస్థ ఆస్తి. అడుగున ఒక మూల అప్పుడే వంగిపోతోంది కూడా; నేనైతే అక్కడ ఒక ఆసరా ముక్క పెట్టేవాణ్ణి. అట్టను వెంటనే అప్పగించాలని అమ్మాయికి రాతపూర్వకంగా తెలియజేశాను. ఇంతవరకు జవాబు లేదు.